నెత్తురు చూపించని హత్య కథలు మనకెందుకు కావాలి

హత్య జరిగిన కథని ఇంటిల్లిపాదీ కూర్చొని, పల్లీలు తింటూ, మధ్యమధ్యలో నవ్వుకుంటూ చూడొచ్చని నేనంటే మా చిన్నమ్మకి నచ్చలేదు. "మనిషి సచ్చిపోతె నవ్వెట్లొస్తది బిడ్డా?" అని అడిగింది. అడగాల్సిన మాటే. వరంగల్‌లో పుట్టి పెరిగిన వాళ్ళం, ఎవరింట్లో చావైనా దినాలు అయ్యేదాకా ఆ గడప చుట్టూ తిరిగే వాళ్ళం, చావుని తేలిగ్గా తీసుకునే అలవాటు మనకి లేదు. అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. చిన్న ఊళ్ళో, సరదా సరదాగా నడిచే ఆ హత్య కథలే చనిపోయిన మనిషికి మర్యాద ఇస్తాయి. రాత్రి తొమ్మిది దాటాక మన టీవీల్లో గంభీరమైన గొంతుతో వచ్చే క్రైమ్ ప్రోగ్రాములు ఆ మర్యాద ఇవ్వవు. ఇది నేను గట్టిగా నమ్ముతున్న మాట. ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే ముందు ఒక ఎపిసోడ్ గురించి చెప్పాలి.

'మర్డర్, షీ రోట్' అని అమెరికా సీరియల్. 1984 సెప్టెంబర్ 30న సీబీఎస్ ఛానల్‌లో మొదలై 1996 దాకా నడిచింది, 12 సీజన్లు, 264 ఎపిసోడ్లు. అమెరికా తూర్పు తీరంలో మెయిన్ అనే రాష్ట్రం, అందులో కాబట్ కోవ్ అనే సముద్రపు ఒడ్డు ఊరు, కల్పిత ఊరే, అక్కడ జెస్సికా ఫ్లెచర్ అనే ఆవిడ ఉంటుంది. ఇంగ్లీషు టీచర్‌గా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కారు నడపదు, ఊరంతా సైకిల్ మీదే తిరుగుతుంది. వంటింటి బల్ల మీద టైప్‌రైటర్ పెట్టుకొని అపరాధ పరిశోధన నవలలు రాస్తుంది, ఎక్కడికి పోయినా అక్కడొక హత్య జరుగుతుంది, పోలీసులు తప్పు మనిషిని పట్టుకుంటారు, ఈవిడ అసలు మనిషిని పట్టిస్తుంది. ఇంతే కథ, 12 ఏళ్ళూ ఇంతే. ఆ పాత్ర వేసిన ఏంజెలా లాన్స్‌బరీకి సీరియల్ మొదలయ్యేనాటికి 58 ఏళ్ళు నిండాయి. మన దగ్గర ఆ వయసు నటికి అత్తగారి వేషమో, మంచం మీద దగ్గుతూ కొడుకు కోసం ఎదురుచూసే అమ్మ వేషమో ఇస్తారు. అక్కడ ఆమెని నడిమధ్యన నిలబెట్టి, ఆమె చుట్టూ 264 కథలు అల్లారు. ఈ పాత్రకి ఆమె 12 సార్లు అమెరికా టీవీ అవార్డు ఎమ్మీకి నామినేట్ అయింది, ఒక్కసారీ ఇవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

నేను చెప్పబోయేది మొట్టమొదటి ఎపిసోడ్ గురించి, పేరు 'ది మర్డర్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్'. 40 ఏళ్ళు దాటిన కథ కాబట్టి హంతకుడెవరో కూడా చెప్పేస్తాను, చూడాలనుకునే వాళ్ళు ముందు చూసి రండి.

జెస్సికా పొద్దుపోక రాసుకున్న నవలని గ్రేడీ అనే కుర్రాడు ఆమెకి తెలియకుండా న్యూయార్క్‌లో ఒక ప్రచురణకర్తకి చేరుస్తాడు. గ్రేడీ ఆమె భర్త తరఫు పిల్లాడు, మన లెక్కలో కొడుకు వరస. పుస్తకం అచ్చవుతుంది, విపరీతంగా అమ్ముడుపోతుంది, ఈవిడని పట్నానికి పిలిపిస్తారు. టీవీ ఇంటర్వ్యూలు, హడావిడి, ఎవరికీ ఈమె చెప్పేది వినే ఓపిక లేదు. విసిగిపోయి ఇంటికి పోతానంటుంది. అప్పుడా ప్రచురణకర్త ప్రెస్టన్ గైల్స్, నెమ్మదస్తుడు, మాట మన్నన తెలిసినవాడు, మా ఊరి బయటి బంగ్లాలో విందు ఉంది, రెండ్రోజులు ఉండి పొమ్మంటాడు. ఆ విందుకి అందరూ కథల్లోని పాత్రల వేషాలు వేసుకొని రావాలి. హోటళ్ళ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి షెర్లాక్ హోమ్స్ వేషంలో వస్తాడు. ఆ తర్వాత ఈత కొలనులో షెర్లాక్ హోమ్స్ వేషంలో ఒక శవం తేలుతుంది. అందరూ ఆ వ్యాపారే అనుకుంటారు. తీరా చూస్తే అతను కాదు, అదే వేషంలో ఉన్న ఒక ప్రైవేట్ డిటెక్టివ్. వేషం చూసి మనిషిని గుర్తుపట్టాం అనుకోవడంతోనే కథ మొదలవుతుంది, అంటే చూస్తున్న మనమూ మొదటి నిమిషంలోనే తప్పులో కాలేశాం.

పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? గ్రేడీని. ఆ పిల్లాడు ఆ హోటళ్ళ వ్యాపారి దగ్గరే లెక్కలు రాసే ఉద్యోగి. ఆ బంగ్లాకి వచ్చిన వాళ్ళల్లో డబ్బున్నోళ్ళు ఉన్నారు, పేరున్నోళ్ళు ఉన్నారు, ఒకరి మీద ఒకరికి కడుపులో మంట ఉన్నవాళ్ళు ఉన్నారు. చేతికి దొరికింది మాత్రం జీతగాడు. ఈ ఒక్క విషయం దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ సీరియల్ 12 ఏళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ చెప్పింది ఇదే: అనుమానం ఎప్పుడూ పల్లానికే పారుతుంది. కొత్తగా వచ్చినవాడు, అప్పులున్నవాడు, నోరు లేనివాడు, ఒకప్పుడు ఏదో తప్పు చేసి జైలుకి పోయొచ్చినవాడు, మొదట వీళ్ళే దొరుకుతారు. టీచరమ్మ చేసే పనల్లా ఆ ప్రవాహానికి అడ్డం నిలబడి, ఆగండి, ఇంకొక్కసారి చూద్దాం అనడం.

ఇది అమెరికా ముచ్చటేం కాదు. మా పెద్దమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది, హనుమకొండలో ఉంటుంది. కొన్నేళ్ళ కింద మా బంధువుల ఇంట్లో ఒక ఫంక్షన్ జరిగింది. పుట్టువెంట్రుకలు తీయించి, డాబా మీద షత్రంజీలు పరిచి బంతి భోజనాలు పెట్టారు, కొత్తవాడ షత్రంజీలు, ఎర్ర చారలవి, మంచి మందంగా ఉంటాయి. అంతా అయ్యాక ఇంటి కోడలి మెడలో గొలుసు లేదు. ఎవరూ పేరు పెట్టి ఒక్కమాట అనలేదు గానీ, అందరి చూపూ గిన్నెలు తోమడానికి వచ్చిన ఆమె మీదికే పోయింది. ఆమెకి అర్థమైపోయింది, చేతులు తుడుచుకొని కొంగు విప్పి దులిపి చూపించబోయింది. మా పెద్దమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. "నువ్వు కూసో బిడ్డా, నిన్నెవ్వలడిగిండ్రు?" అని, అటు తిరిగి కోడలిని అడిగింది, "ఆఖరుకు గొలుసు మెడల ఉన్నది ఎప్పుడు సూస్కున్నవ్?" బాబుకి పాలు పట్టేటప్పుడు వాడు గొలుసు పట్టుకొని గుంజాడని ఆ పిల్ల చెప్పింది. ఎక్కడ కూర్చొని పట్టావు? డాబా మీద, ఆ మూల. ఆ మూల షత్రంజీ ఎవరు మడతపెట్టారు? ఎవరో కుర్రాళ్ళు, టెంట్ హౌస్ వాళ్ళ ఆటో వచ్చిందని గబగబా చుట్టేశారు. ఆటో ఇంకా వీధి చివరే ఉంది. నాలుగో షత్రంజీ విప్పితే మడతలో గొలుసు ఉంది, కొక్కెం సాగిపోయి.

ఆ రోజు మా పెద్దమ్మ చేసిందాంట్లో మాయ ఏమీ లేదు. ఎవరు దొంగ అని అడగలేదు, ఏం జరిగింది అని అడిగింది. జెస్సికా ఫ్లెచర్ కూడా అంతే, ఆమెకి ల్యాబ్ లేదు, పిస్తోలు లేదు, కంప్యూటర్ ముందు కూర్చొని టకటకా కొట్టే కుర్రాడు లేడు. ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడి పిల్లల మొహాలు చదివిన మనిషికి అబద్ధం చెప్పేవాడు ఎక్కడ మాట వేగం పెంచుతాడో తెలుస్తుంది. హోంవర్క్ చేయనివాడు ముందుగా ఎదుటివాడి మీద చాడీ చెప్తాడని తెలుస్తుంది. ఈ తెలివికి మన సినిమాల్లో, సీరియళ్ళలో విలువ లేదు. మన పోలీసు కథలన్నీ హీరో జీపు దిగడంతో మొదలై లాఠీతో తేలిపోతాయి. కొడితే నిజం చెప్తాడు అనే నమ్మకం మన తెర మీద ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, థియేటర్లో లాకప్ సీనుకి ఈలలు పడతాయి. నాకు ఆ ఈలలు వినిపించినప్పుడల్లా కొంగు దులపబోయిన ఆమె గుర్తొస్తుంది. కొట్టి అడిగితే ఆమె కూడా ఒప్పుకునేదే కదా.

సరే, ఎపిసోడ్ చివరికి వద్దాం. హంతకుడు ప్రెస్టన్ గైల్స్. అదే, ఆ నెమ్మదస్తుడైన ప్రచురణకర్త. అతని పాత బతుకు ఆ డిటెక్టివ్‌కి తెలుసు, అది బయటపడుతుందన్న భయంతో చంపాడు. ఇక్కడ కథ రాసినవాళ్ళు చేసిన పని చూడండి. ఆ రెండు మూడు రోజుల్లో జెస్సికాకి అతనంటే ఇష్టం ఏర్పడింది. భర్త పోయాక మళ్ళీ ఒక మనిషి పక్కన నిలబడి మాట్లాడుతుంటే బాగుంది అనిపించింది, అది ఆమె మొహంలో మనకి కనిపిస్తూనే ఉంటుంది. పుస్తకం అచ్చేసింది అతనే, పట్నంలో ఆమెని మనిషిగా చూసిందీ అతనే. అతను దొరికిపోవడం అంటే ఇవన్నీ పోవడం. అయినా ఆమె అతని ముందుకే వెళ్ళి, నువ్వే చేశావని చెప్తుంది. అరుపులు లేవు, చెంపదెబ్బ లేదు, కెమెరా మూడుసార్లు మొహం మీదికి దూకడం లేదు. బాధ ఉంది, అది దాచుకోదు. కానీ ఆ బాధ కోసం నిజాన్ని వదిలేయదు.

సరదా కథ అంటే ఇదా అని మీరడగొచ్చు. అవును, ఇదే. సరదా అంతా బతికి ఉన్నవాళ్ళ మధ్యన ఉంటుంది, ఊరి షెరీఫ్, అంటే పోలీసు పెద్ద, అమోస్ టప్పర్ మొండితనంలో, డాక్టర్ సేథ్ హేజ్‌లిట్ గొణుగుడులో, చేపల కూర ఎలా వండాలో అనే తగాదాలో. చావు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వరు. శవాన్ని చూపించినా రెండు క్షణాలు, అంతకంటే చూపించరు. నవ్వు ఎక్కడ ఆపాలో తెలిసిన కథ అది.

ఇప్పుడు మన టీవీ సంగతి. ఏ ఛానల్ పేరూ నేను చెప్పను, అక్కర్లేదు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నిజంగా చనిపోయిన మనిషి ఫొటో, చుట్టూ ఎర్ర గీత, వెనక డమడమ మ్యూజిక్, నటులని పెట్టి మళ్ళీ ఆ హత్య చేసి చూపించడం, అదీ స్లో మోషన్‌లో, బ్రేక్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఆ మనిషి ఎలాంటిది, ఏం వండుకునేది, ఎవరితో నవ్వేది, పిల్లలకి ఏం కొనిపెట్టాలనుకుంది, ఒక్క ముక్క ఉండదు. ఆమె 'వివాహిత', అతను 'ప్రియుడు', అయిపోయింది. గంభీరంగా ఉన్నంత మాత్రాన మర్యాద ఉన్నట్టు కాదు.

ఈ మాట అంటే వరంగల్ వాళ్ళు ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు, నన్ను నేనే వేసుకున్నాను కూడా. గొర్రెకుంట పక్కనే పెట్టుకొని హత్యల మీద సరదా కథలు అడగడానికి నీకు మనసెట్లా వచ్చింది అని. 2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. వరంగల్ శివారు గొర్రెకుంటలో గోనెసంచులు కుట్టే చోట పని చేసుకుంటూ బతుకుతున్న బెంగాల్ కుటుంబం, వాళ్ళతో పాటు ఇంకొందరు, మొత్తం తొమ్మిది మంది శవాలై బావిలో తేలారు. మొదట్లో ఆత్మహత్యలేమో అని కూడా అనుకున్నారు. దర్యాప్తులో తేలింది వేరు. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్ళని ఒక్కడే బావిలో పడేశాడు. ఎందుకు? అంతకుముందు చేసిన ఒక హత్య బయటపడకుండా. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది.

ఆ కేసులో నన్ను ఇప్పటికీ వదలని విషయం ఒకటుంది. అంతకుముందు చనిపోయినామె ఆ ఇంటి బంధువే. హంతకుడు ఆమెని ఊరికి తీసుకుపోతున్నానని రైలెక్కించి, ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆమె ఏమైందని అడిగింది ఆ ఇంటి ఇల్లాలు. చెప్పకపోతే పోలీసులకి చెప్తానంది. ఆమె ఏమైంది అని పట్టు వదలకుండా అడగడమే ఆ కుటుంబం ప్రాణాల మీదికి తెచ్చింది. ఎక్కడి నుంచో పొట్ట చేతపట్టుకొని వచ్చిన ఊళ్ళో, రోడ్డు మీద మనిషి తిరగని రోజుల్లో అడిగింది. కాబట్ కోవ్‌లో అలా అడిగిన మనిషికి పక్కన షెరీఫ్ ఉంటాడు, డాక్టర్ ఉంటాడు, సగం ఊరు ఉంటుంది. గొర్రెకుంటలో అడిగిన ఆమె వెనక ఒక టీచరమ్మ లేదు, ఒక వీధి లేదు.

అందుకే అంటున్నాను, సరదా కథ ఆ దుఃఖాన్ని చిన్నబుచ్చదు. ఆ దుఃఖాన్ని సీరియల్‌గా తీయమని నేనడగడం లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నేను అడిగేది వేరే. మనిషి కనపడకపోతే ఏమైందని అడగడం ఊరి మొత్తం పని అని, వారం వారం, పిల్లలతో కలిసి చూసే కథలో, ఎవరికీ పీడకలలు రాకుండా చెప్పొచ్చు. ఈ రకం కథ ప్రాణం అదే. ఒక మనిషి చనిపోతే ఆ మనిషి ఎవరు, చివరి రోజు ఎక్కడికి పోయింది, ఎవరితో మాట్లాడింది, ఎందుకు దిగులుగా ఉంది అని మొత్తం ఎపిసోడ్ ఆ ఒక్క జీవితం చుట్టూనే తిరుగుతుంది. పాలవాడు కూడా గుర్తుచేసుకుంటాడు. పేపర్లో నాలుగు లైన్ల వార్తగా పోయే మనిషికి గంటసేపు మొత్తం ఊరు కేటాయించడం కంటే మర్యాద ఏముంటుంది?

ఇక అంత చిన్న ఊళ్ళో అన్ని హత్యలా, నమ్మేలా ఉందా అనే వాళ్ళకి నేను పెద్దగా జవాబు చెప్పను. బేతాళుడు ప్రతిసారీ చెట్టెక్కుతాడు, రాజు ప్రతిసారీ మౌనం వీడతాడు, చిన్నప్పుడు మనమెవ్వరం అది కుదరదు అనలేదు. పైగా జెస్సికా కథలు చాలావాటికి కాబట్ కోవ్‌తో సంబంధమే లేదు, ఆమె వేరే ఊళ్ళకి పోయినప్పుడు జరిగేవే బోలెడు. ఇంకో విషయం, ఆ ఊరు అసలు మెయిన్‌లో తీయలేదు, బయటి దృశ్యాలు ఎక్కువగా కాలిఫోర్నియాలోని మెండొసీనోలో తీశారు. తూర్పు తీరం ఊరిని పడమటి తీరంలో వెతుక్కున్నారు. మనకి ఆ తిప్పలు కూడా లేవు.

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి సీజన్‌లో ఒక్కసారి లోపలికి పోయి చూడండి. యార్డులో ఎటు చూసినా బస్తాలు, తేజ ఒక వైపు, వండర్‌హాట్ ఒక వైపు, 341 ఒక వైపు, ఆ పక్కన గుండ్రంగా టమాటాల్లా ఉండే చపాటా మిర్చి, 2025లో జీఐ గుర్తింపు వచ్చిందే, అది. గేటు దాటగానే ముక్కులో మంట, కళ్ళల్లో నీళ్ళు, తుమ్మని మనిషి ఉండడు, హమాలీలు తప్ప. రాత్రే ట్రాక్టర్లలో వచ్చిన రైతులు బస్తాల మీదే పడుకుంటారు. పొద్దున జెండా పాట, అంటే వేలం, ధర పలకగానే కాంటాలు, తూకం వేసే దడువాయి లెక్క చెప్తుంటే గుమాస్తా తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాస్తాడు. బస్తాకి ఎన్ని కిలోలు, తరుగు ఎంత, అడ్తి కమీషన్ ఎంత, హమాలీ ఎంత, అన్నీ ఆ చిన్న కాగితం మీద ఉంటాయి. ఏడాది కష్టం అంతా ఆ కాగితమే.

అక్కడొక అడ్తిదారు, అంటే కమీషన్ వ్యాపారి, తన గదిలో చచ్చిపడి ఉన్నాడనుకోండి. పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? ముందురోజు ధర దగ్గర అతనితో గొడవపడ్డ రైతునే. పరకాల దగ్గరి ఊరు, అప్పులున్నాయి, నలుగురి ముందు "నీ సంగతి సూస్త" అన్నాడు, ఇంకేం కావాలి. మన టీచరమ్మకి ఆ రైతు ఏడో తరగతి నుంచి తెలుసు, కోపం వస్తే అరిచి ఏడ్చేవాడే తప్ప చెయ్యెత్తేవాడు కాదు. కానీ అది సాక్ష్యం కాదు, ఆ విషయం ఆమెకీ తెలుసు. ఆమె చేతికి ఒక తక్‌పట్టీ వస్తుంది. చనిపోయిన వ్యాపారి రాసినట్టే ఉంటుంది, సంతకం ఉంది, తేదీ ఉంది. టీచరమ్మ మాత్రం దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూస్తుంది. ఆ అక్షరాల్లో 'ఝ' కొమ్ము వేసిన తీరు ఆమె ఎరిగినదే, ఇరవై ఏళ్ళ కింద ఒక పిల్లాడి చేత పలక మీద యాభైసార్లు దిద్దించినా వాడు మార్చుకోలేదు. వాడిప్పుడు బజార్లో పెద్దమనిషి, గుడికి విరాళాలు ఇచ్చేవాడు, ఈమె కనపడితే వంగి కాళ్ళకి దండం పెట్టేవాడు. జెస్సికాకి గైల్స్ ఎలాగో ఈమెకి వాడు అలాగ. తన చేతుల మీదుగా పోయిన పిల్లాడు, తనంటే నిజంగా గౌరవం ఉన్నవాడు. వాడి ఇంటికి పోయి, వాడి భార్య ఇచ్చిన చాయ్ తాగి, "బిడ్డా, ఇది నీ రాతే కదరా" అని అడగాలి. ఈ సీను రాసుకుంటుంటేనే నాకు గొంతు పట్టుకుంటోంది.

దీనికి కోట్లు అక్కర్లేదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడవాళ్ళు ఆడుతూ ఆడుతూ ఎన్ని ముచ్చట్లు చెప్పుకుంటారో, ఒక్క ఎపిసోడ్‌కి సరిపడా ఆధారాలు అక్కడే దొరుకుతాయి. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఎవరింటికి ఎవరు ఏ బండికి వచ్చారో పక్కింటివాళ్ళకి తెలుస్తుంది. భద్రకాళి చెరువు గట్టు మీద పొద్దున్నే నడిచే రిటైర్డ్ సార్లు ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెప్పగలరు. ఇదంతా మనం వాగుడు అని, ఊరి పనికిమాలిన ముచ్చట్లని కొట్టిపారేస్తాం. వాటిల్లో చెడ్డవీ ఉన్నాయి, ఆడపిల్లల బతుకులు నాశనం చేసినవి ఉన్నాయి, నేను కాదనను. టీచరమ్మ చేసే పని ఆ ముచ్చట్లలోంచి తాలు చెరిగి గింజ మిగల్చడం.

ఎవరైనా నిజంగా తీస్తామంటే నాకు కొన్ని పట్టింపులున్నాయి. హీరో పోలీసు కొడుకుని పెట్టొద్దు. అమ్మ అనుమానం చెప్తే కొడుకు పోయి కొట్టే కథ వద్దు, తేల్చేది ఆమే కావాలి. యాక్షన్ సీన్ అడిగితే సైకిల్ ఇవ్వండి, లేదా హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటోలో మధ్య సీటు ఇవ్వండి. అరవై దాటిన నటిని తీసుకోండి, నలభై ఏళ్ళ ఆమెకి జుట్టుకి తెల్లరంగు పూయకండి. ఎస్‌ఐ తెలివితక్కువ వాడు కానక్కర్లేదు, అమోస్ టప్పర్ లాగా మంచివాడై, పై ఆఫీసర్ టెన్షన్‌తో తొందరపడేవాడైతే చాలు, మనకి వాడి మీద కోపం రాదు. దూరదర్శన్‌లో 1985లోనే క్యారెట్ నములుతూ తిరిగే 'కరంచంద్' వచ్చాడు, 1993లో 'బ్యోమకేష్ బక్షి' వచ్చింది, దేశమంతా ఇష్టపడి చూసింది. హిందీలో అయిన పని తెలుగులో ఎందుకు కాదు అని నిర్మాతల్ని అడిగితే, జనం చూడరండీ అంటారట. జనానికి చూపించకుండానే చూడరని ఎలా తెలిసిందో.

అన్నిటికంటే పెద్ద పట్టింపు భాష. టీచరమ్మ ఓరుగల్లు మాటే మాట్లాడాలి, క్లాసులో చెప్పే తెలుగు వేరే, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరే, రెండూ ఆమె నోట రావాలి. ఎన్నో ఏళ్ళు మన మాటని తెర మీద రౌడీలకీ కమెడియన్లకీ ఇచ్చారు. ఈమధ్య హీరోలకీ వచ్చింది, సంతోషం. తెలివైన మనిషికి, అందులోనూ వయసు మళ్ళిన ఆడమనిషికి, ఆలోచించి ఆచితూచి మాట్లాడే మనిషికి ఆ యాస ఎక్కడ ఇచ్చారు? హంతకుడి ఎదురుగా కూర్చొని నిజం చెప్పేటప్పుడు ఆమె ఉన్నట్టుండి పుస్తకాల తెలుగులోకి మారిపోతే నేను ఆ సీరియల్ అక్కడే ఆపేస్తాను. "ఎందుకు చేసినవ్ రా" అని మా పెద్దమ్మ ఎలా అడుగుతుందో అలాగే అడగాలి.